ఉప్పు తిన్న రెక్క

పాలకడలి పట్టీ, సిరుల తల్లీ! నీ పుట్టినింట అమృతమూ పుట్టింది, విషమూ పుట్టింది. ఏది ఎవరి పాలబడిందో ఎరిగినదానవు నీవే. నీ పాదాలకు మొక్కి ఒక ఇల్లాలి కథ చెబుతున్నాను. మాట తడబడకుండా కాచుకో.

యాప్రాల్‌లోని తమ ఇంట్లో వసుధ మామిడి ముక్కలకు దొడ్డుప్పు కలుపుతోంది. అత్తగారు బుచ్చమ్మ పీట మీద కూర్చుని, కొంగుతో విసురుకుంటూ హెచ్చరించింది: "తొక్కు జాడీలనే పెట్టు, వసుధా. స్టీలు డబ్బాల పెడితే ఉప్పు తింటది."

ఉప్పు లోహాన్ని ఎలా తింటుందో వసుధకు ఒకరు చెప్పనక్కరలేదు. అదే ఆమె విద్య. కోస్తాలో సముద్రపు ఒడ్డున ప్రదర్శనకు నిలిపిన రెండు పాతకాలపు విమానాలను ఉప్పుగాలి నుంచి కాపాడే బాధ్యత ఆమెది. వెళ్లినప్పుడల్లా వాటిని మంచినీళ్లతో కడిగించి, రంగు పొంగినచోట గోటితో మీటి చూసేది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. కింద లోహం ముగ్గుపిండిలా రాలిపోతుంది.

ఇప్పుడు అక్కడ మిగిలింది ఒక్కటే. నిరుడు తుపాను కబురు అందిన రోజునే మరిదిగారి గృహప్రవేశం పనులు. భర్త సదాశివ, "రెండ్రోజులాగితే నీ విమానం ఎగిరిపోతదా ఏంది?" అన్నాడు. ఆమె ఆగిపోయింది. గాలికి, రెక్క కింద తాళ్లు కట్టిన కొక్కెం తెగి, ఆ ముసలి విమానం నిజంగానే లేచి వెల్లకిలా పడింది. అక్కడినుంచి వచ్చిన ఫొటోలో, కొక్కెం తెగినచోట తెల్లని పొడి. తాను వెళ్లి ఒక్కసారి మీటి ఉంటే తెలిసిపోయేది! తరువాతి విందులో సదాశివ, "ఎగిరిపోతదా అంటిని, ఎగిరిపోయె! నా నాలిక మీద మచ్చ ఉన్నట్టుందిరా!" అంటే చుట్టాలందరూ విరగబడి నవ్వారు. పప్పు వడ్డిస్తున్న వసుధ కూడా నవ్వింది. విమానం కోసం కార్చిన కన్నీరు ఎన్నడో ఆరిపోయింది గాని, ఆ నవ్వు మాత్రం ఏడాదిగా ఆమెను లోలోపల తింటూనే ఉంది. ఎందుకు నవ్వాను? ఎవరి మనసు నొచ్చుకుంటుందని? ఇంటి పైరంగు చెదరకూడదనేనా? పోయిన విమానం రాదు; నవ్విన నవ్వును వెనక్కి తీసుకోవడమూ కుదరదు.

ఫోను మోగింది. ప్రదర్శనశాలను చూసుకునే ప్రేమమణి గొంతు గాలిహోరులో తెగితెగి వినిపించింది. "మేడమ్, వాయుగుండం మళ్లీ ఇటే వస్తోందండీ. ఉన్న ఒక్కదాని కొక్కేలు మీరు చూస్తేగాని నాకు ధైర్యం లేదండీ."

"సాయంత్రం బండికి వస్తా, ప్రేమా."

సదాశివ పేపరు దించాడు. "మళ్ల షురూ అయిందా? పెయింటేస్తే కొత్తగైతది గదా! పాత డబ్బాకు గింత పరేషాన్ ఏంది?"

"తొక్కు సగంల ఇడిసి పోతవా?" బుచ్చమ్మ అందుకుంది. "నీ చెయ్యి పడకుంటె ఖరాబైతది. ఇన్నేండ్లసంది ఈ ఇంటి ఉప్పు తింటున్నవు, జెర ఇంటి ముచ్చట సుత చూడాలె."

వసుధ లేచి కుళాయి కింద చేతులు పెట్టింది. మామిడికాయ కోసినప్పుడు తెగిన వేలు చురుక్కుమంది. విమానాన్ని కడిగించినంత ఓపికగా గాజుల కింద, గోళ్ల సందుల్లో, ఉప్పు జాడ లేకుండా కడుక్కుంది. ముక్కల గిన్నె తెచ్చి సదాశివ ముందు పెట్టింది.

"ఉప్పు కలిపిన. తక్కినయి అత్తమ్మ చెప్తది, మీరు కలపండి."

అత్తగారి వైపు తిరిగింది. "మీ ఉప్పు నేను తిన్నమాట నిజమే అత్తమ్మా. గానీ, అది సుత నన్ను తిన్నది."

సదాశివ పకపకా నవ్వాడు.

ఈసారి వసుధ నవ్వలేదు.

ఈ కథ విన్న ప్రతి ఇంటా కూటికి చాలినంత ఉప్పుండుగాక. మనిషిని తినే ఉప్పును కడుక్కోవడానికి మంచినీళ్లకు కొదవ లేకుండుగాక.