గరిటె పట్టిన చేతికి తుపాకీ

ఎదురింటి పిన్ని మేడ మీద బట్టలు ఆరేస్తూ పక్కింటి వదినతో అన్నదట. ఆ వదిన మాట చల్లారకుండా తెచ్చి అక్క కుట్టుమిషను ముందు కుమ్మరించింది. సిమెంటు కొట్టాయన గోడౌనులో నిదానం బొమ్మ తయారై నిలబడి ఉందట. మనిషికన్నా జానెడు ఎత్తట. మెలితిరిగిన మీసాలట. ఛాతీ చూస్తే తలుపు రెక్కంత ఉందట.

"మన నిదానానికి అంత ఛాతీ ఎక్కడిదే, గట్టిగా ఊపిరి పీల్చినా చొక్కా వదులుగానే ఉండేది కదా అని పిన్ని ఒకటే నవ్వు వదినా," అంది పక్కింటి వదిన. అక్క తలెత్తలేదు. మిషను నడుస్తూనే ఉంది. "అన్నట్టు చేతిలో తుపాకీ కూడా ఉందట," అని ముగించింది.

మీసాలకు ఆగని కాలు తుపాకీకి ఆగింది. దారం తెగింది.

నిదానం అక్కకు ఒక్కగానొక్క తమ్ముడు. అసలు పేరు బడి రిజిస్టరుకు తప్ప ఎవరికీ గుర్తులేదు. పిలిస్తే పలకడానికి ఒక పూట, పలికాక లేవడానికి ఇంకో పూట పట్టేది కనక ఆ పేరు స్థిరపడిపోయింది. అమ్మానాన్నలు పోయాక అక్క దగ్గరే పెరిగి, అక్క కొట్లోనే ఇస్త్రీ చేసేవాడు. చేత్తో ఇస్త్రీ, కళ్ళతో వీధి. అలా వీధిని చూస్తూ ఒకరోజు వకీలుగారి నల్లకోటు వీపు మీద ఇస్త్రీపెట్టెను మరిచిపోయాడు. వకీలుగారు చూసుకోకుండా తొడుక్కుపోయారు. కోర్టులో ఆయన అటు తిరిగి వాదిస్తున్నంతసేపూ సాక్షులు నిజం చెబుతూ కూడా నవ్వారట. సాయంత్రం అక్క గజంబద్ద పట్టుకుని వీధి చివరిదాకా తరిమింది. ఆ వారంలోనే నిదానం వెళ్ళి నౌకాదళంలో చేరాడు.

"ఆ బద్ద కంటే యుద్ధమే నయమనుకుని ఉంటాడు," అన్నాడు బావ, తన అనుభవం కూడా కలుపుకుని.

సముద్రానికీ వాడికీ మొదటి రోజు నుంచే పడలేదు. ఓడ రేవు దాటకముందే బకెట్టు కౌగిలించుకున్నాడు. ఇంజను గదికి పంపితే అక్కడ కక్కాడు, డెక్కు కడగమంటే కడిగినచోటే కక్కాడు. చివరికి తలపండిన అధికారి ఒకాయన బాగా ఆలోచించి వంటగదికి వేశాడు. దొంగతిండి తినని వంటవాడు కావాలని ఆయన ఎన్నాళ్ళుగానో వెతుకుతున్నాడట. తిండి వాసనకే వాంతి చేసుకునేవాడు దొరికేసరికి ప్రాణం లేచొచ్చింది.

సెలవుకు వచ్చినప్పుడు "అక్కా, ఇవాళ నువ్వు మిషను దగ్గరే కూర్చో, పొయ్యి నాది," అన్నాడు. అక్క మురిసిపోయింది. మధ్యాహ్నానికి చూస్తే పెరట్లో అద్దెకు తెచ్చిన గంగాళం, దాన్ని కలపడానికి స్టూలెక్కిన తమ్ముడు.

"ఇదెవరికిరా? ఇంట్లో ఉన్నది నలుగురం!"

"నలుగురికి ఎంత ఉప్పు వెయ్యాలో తెలియదక్కా. నాలుగు వందల మందికైతే కళ్ళు మూసుకుని వేస్తా."

వీధి వీధంతా గిన్నెలు పట్టుకుని వచ్చింది. సిమెంటు కొట్టాయన రెండుసార్లు పెట్టించుకుని, మూతి తుడుచుకుంటూ అడిగాడు: "ఏరా, అక్కడ యుద్ధాలూ అవీ చేస్తావా?"

"రోజూ చేస్తానండీ, ఉల్లిపాయలతో. కన్నీళ్ళు మాత్రం నావే."

అందరూ వెళ్ళాక గంగాళం తోముతూ అక్క గొంతు తగ్గించి అడిగింది. "నిజం చెప్పరా. నువ్వు కూడా మనుషుల్ని చంపాలా?"

"వంటవాణ్ణక్కా. నా వంట తిని ఎవడూ చావకపోతే అదే పదివేలు."

ఆ మాట పట్టుకునే అక్క, తర్వాత యుద్ధం వచ్చి రేడియో గగ్గోలు పెడుతున్నప్పుడు కూడా, వరస తప్పకుండా గుండీలు కుట్టింది. ఓడ మీద దాడి జరిగిందన్నారు. వంటగది పోయిందన్నారు. మనిషి రాలేదు. బట్టల సంచి వచ్చింది. అందులో చొక్కాలన్నీ అక్క నేర్పిన మడతలోనే ఉన్నాయి.

ఆ తర్వాత ఊరికి నిదానం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. బస్సులో అక్కకు సీటిస్తున్నారు. కూరగాయలామె పుచ్చు వంకాయలు తనే ఏరి పక్కన పెడుతోంది. సిమెంటు కొట్టాయన విగ్రహం కమిటీకి తనే అధ్యక్షుడై, దిమ్మె తన సిమెంటుతోనే పోయించాడు. ఇవన్నీ అక్కకు బాగానే ఉన్నాయి. తమ్ముడు బతికుండగా రాని మర్యాద చచ్చాక వచ్చింది, ఎందుకు కాదనాలి?

కానీ తుపాకీ మాట విన్నాక బావను వెంటబెట్టుకుని గోడౌనుకు నడిచింది.

బస్తాల మధ్య బొమ్మ నిటారుగా నిలబడి ఉంది. దుమ్ముకు బావ మూడు తుమ్ములు తుమ్మాడు. బొమ్మల మేస్త్రి పక్కన నిలబడి మెప్పు కోసం చూస్తున్నాడు.

"ఒళ్ళు మావాడిది కాదే," అంది అక్క.

"ఒళ్ళు సినిమాహాలు వాళ్ళదమ్మా," అన్నాడు మేస్త్రి దాపరికం లేకుండా. "గేటు దగ్గరికి కాపలావాడి బొమ్మ చెయ్యమన్నారు, చేశాక వద్దన్నారు. పడెయ్యడమెందుకని తల మార్చాను."

"ఒళ్ళెవరిదైతే ఏముందమ్మాయ్, తల మనవాడిదేగా!" అన్నాడు సిమెంటు కొట్టాయన.

బావ కళ్ళు చిట్లించాడు. "తల మీ అల్లుడిదండీ. మీసాలు తీసి చూడండి."

సిమెంటు కొట్టాయనకు పొలమారింది. రోజూ కళ్ళ ముందు తిరిగే మొహం అదేనండీ అని గొణిగి మేస్త్రి వేరేవైపు చూశాడు.

"తల ఎవరిదైనా ఉండనివ్వండి," అంది అక్క. "మీసాలు ఉండనివ్వండి. ఆ తుపాకీ ఒక్కటి తీసెయ్యండి."

"కుదరదమ్మా," అన్నాడు మేస్త్రి. "చేతులూ తుపాకీ ఒకే అచ్చులో పోసినవి. అది ఊడిస్తే వేళ్ళన్నీ దానితోనే వస్తాయి."

"అయితే గరిటెగా మార్చండి. వాడు పట్టింది అదే."

మేస్త్రి ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. తుపాకీని ఆ చివర నుంచి ఈ చివరకు జానలతో కొలిచాడు, తల గోక్కున్నాడు. "ఇంత పొడుగు గరిటె ఉండదమ్మా. జనం తెడ్డనుకుంటారు. పడవవాడి బొమ్మ అయిపోతుంది."

"గరిటేమిటి, తెడ్డేమిటి!" సిమెంటు కొట్టాయన కసురుకున్నాడు. "యుద్ధంలో పోయినవాడి చేతికి గరిటె ఇస్తే పక్క ఊరివాళ్ళు పగలబడి నవ్వుతారు. ఆ తుపాకీతో పదిమంది శత్రువుల్ని పడగొట్టాడని నా ఉపన్యాసంలో కూడా పెట్టుకున్నా."

"అలాగని ఎవరు చెప్పారండీ?"

"ఒకరు చెప్పాలా? యుద్ధానికి వెళ్ళినవాడు పడగొట్టకుండా పేకాడతాడా?"

దారిలో బావ అన్నాడు, "పోనీలేవే. సిమెంటు మనిషి ఎవర్ని కాలుస్తాడు? కాకులు వాలడానికి తుపాకీ అయితే వీలుగా ఉంటుంది."

అక్కను ఇప్పుడు వేరే భయం పట్టుకుంది. ఒకవేళ నిజమేనేమో. ఓడ మీద ఏం జరిగిందో తనకేం తెలుసు? వంటవాడి చేత కూడా కాల్పించారేమో. ఆ పదివేలు కూడా పోయిందేమో.

ఆవిష్కరణకు అతిథిగా నిదానంతో పాటు ఓడలో పనిచేసిన ఒకతన్ని కమిటీ పిలిపించింది. వంటగదిలో రొట్టెలు కాల్చేవాడు. ఎడమ చెయ్యి మణికట్టు దాకా కాలి ముడుచుకుపోయి ఉంది. బస్సు దిగి కమిటీ దగ్గరికి పోకుండా నేరుగా కుట్టుకొట్టుకే వచ్చాడు.

అక్క మంచినీళ్ళిచ్చి, అతను గ్లాసు దించేలోపే అడిగేసింది. "బాబూ, మావాడు తుపాకీ పట్టాడా?"

"పట్టించారక్కా, ట్రైనింగులో. గురి చూసి కొడితే పక్కవాడి బోర్డుకు తగిలింది. పక్కవాడికి బహుమతి వచ్చింది. మళ్ళీ వీడికి తుపాకీ ఇవ్వలేదు."

"మరి యుద్ధంలో?"

"గంట మోగితే వంటవాళ్ళం పొయ్యిలు ఆర్పాలి, వెళ్ళి స్ట్రెచర్లు మొయ్యాలి. అంతే మా యుద్ధం. ఓసారి నీళ్ళలోంచి తీసిన అవతలివాళ్ళ నావికుణ్ణి ఎత్తుకొచ్చాడు మీవాడు. దారిలో వాడు మీవాడి భుజం మీదే భళ్ళున కక్కాడు. మేమంతా తిడుతుంటే, 'ఆగండ్రా, వీడు నా మనిషి, సముద్రం పడదు వీడికి' అని మూతి తుడిచి, నిమ్మకాయ వాసన చూపించాడు."

అక్కకు నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. నవ్వుతూనే చేతిలో ఉన్న గుడ్డను మొహానికి అడ్డం పెట్టుకుంది. చాలాసేపు తియ్యలేదు.

"ఆఖరు రోజు కూడా గంట మోగింది," అన్నాడతను ఆమె గుడ్డ దించాక. "పొయ్యి ఆర్పి అందరం మెట్లెక్కాం. సగంలో మీవాడు ఆగి, పొయ్యి ఆర్పానా అన్నాడు. ఆర్పావురా, నేను చూశాను అన్నాను. నమ్మలేదు. తాపీగా దిగాడక్కా, వాడికి పరుగెత్తడం ఎప్పుడు వచ్చు గనక? బాంబు అక్కడే పడింది."

"పొయ్యి?"

"ఆర్పే ఉంది."

ఆవిష్కరణ రోజున కూడలి నిండా జనం. బొమ్మకు కప్పిన తెల్లగుడ్డ అంచులు అక్కే కుట్టింది. సిమెంటు కొట్టాయన తాడు లాగాడు. గుడ్డ మీసాలకు చిక్కుకుంటే మేస్త్రి నిచ్చెనెక్కి విడిపించాడు. చప్పట్లయ్యాక ఉపన్యాసం మొదలైంది. గోడౌనులో పదిమందిగా ఉన్న శత్రువులు మైకు ముందుకు వచ్చేసరికి ముప్పై మందయ్యారు. రొట్టెలతను నేలచూపులు చూస్తున్నాడు. చివర్లో మైకు అక్క చేతికొచ్చింది. రెండు ముక్కలు చెబితే చాలన్నారు.

అక్క రెండు ముక్కలతో ఆపలేదు. వకీలుగారి కోటు దగ్గర మొదలుపెట్టింది. బకెట్టు చెప్పింది, గంగాళం చెప్పింది, పక్కవాడికొచ్చిన బహుమతి చెప్పింది, భుజం మీద కక్కిన పరాయి నావికుణ్ణి చెప్పింది, ఆర్పిన పొయ్యి కూడా చెప్పింది. జనం ముందు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, తర్వాత పడీపడీ నవ్వారు. ముందు వరసలో కూర్చున్న వకీలుగారు కూడా నవ్వారు. ఎదురింటి పిన్ని నవ్వుతూ ముక్కు చీదుకుంటోంది.

సిమెంటు కొట్టాయన మొహం మాడిపోయింది. మైకు లాక్కున్నాడు.

"సరే, అమాయకుడే అనుకుందాం! అయినా ఆ రోజు వాడి చేతికి ఇలాంటి తుపాకీ ఒకటి అంది ఉంటేనా, ముప్పై కాదు, మూడొందల మందిని లేపేసేవాడు! అవునా కాదా? తోడబుట్టినదానివి, నువ్వే చెప్పమ్మాయ్, జనం వింటారు!" అని మైకు మళ్ళీ ఆమె మూతి దగ్గర పెట్టాడు.

అక్క దాన్ని చేత్తో పక్కకు నెట్టింది. మైకు అక్కర్లేని గొంతుతోనే అంది:

"మావాడు ఒక్కణ్ణి కూడా చంపలేదండీ. చచ్చినవాడి చేత ఇప్పుడు మీరు చంపించకండి."