మంచం అంచు

పెళ్లయి ముప్ఫై ఏళ్లయినా రేడియో మేస్త్రీ మంచం అంచునే పడుకుంటాడు. గోడకు అతుక్కుని, మోకాళ్లు ముడుచుకుని, భార్యకు వీపు పెట్టి. నిద్రలో ఆవిడ చెయ్యి తగిలిందా, ఉలిక్కిపడి ఇంకాస్త జరుగుతాడు. జరగడానికి గోడ ఒప్పుకోవద్దూ!

పగలు చూస్తే బంగారంలాంటి మనిషి. ఆవిడ కుట్టుమిషన్‌కు నూనె వేస్తాడు, సూదిలో దారం ఎక్కించి పెడతాడు. అయినా ఆ వీపును చూస్తూ ఆవిడ ఎన్నిసార్లు ఏడ్చిందో! తనంటే ఇష్టం లేదు, మనసులో ఇంకెవరో ఉన్నారు, అంతే. అడిగితే నిజం చెప్పేస్తాడేమోనన్న భయంతో అడగనే లేదు పిచ్చితల్లి.

పెళ్లికి ముందు ఆయన జైల్లో ఉన్నాడని అందరికీ తెలుసు. వీధిలో నోరెత్తిన ప్రతివాణ్ణీ పట్టుకుపోయిన రోజులవి. "ఎలా ఉండేదండీ?" అంటే, "అద్దె లేని ఇల్లు" అని నవ్వేసేవాడు. ఇప్పుడా జైలును జనం చూడడానికి తెరిచారు. ఆవిడే పట్టుబట్టి ఆయన్ని లాక్కొచ్చింది.

ఆయన ఉన్న గదిలో అడుగుపెట్టి ఆవిడ నోరు నొక్కుకుంది. "ఇదేంటండీ, మన వంటగదంత కూడా లేదు! ఎంతమంది ఉండేవాళ్లు?"

"పద్నాలుగు మందిమి."

"మరి పడుకునేదెలా?"

"చూపిస్తానుండు" అంటూ ఆయన నవ్వుతూనే గోడవారగా నేలమీద ఒరిగాడు. మోకాళ్లు ముడుచుకున్నాడు. ఆవిడకు కంఠతా వచ్చిన వీపే అది. ఆయన నవ్వు ఆగిపోయింది.

"నా పక్కన ఒక పంతులుండేవాడు" అన్నాడు, గోడతో చెబుతున్నట్టు. "కొట్టి కొట్టి ఒళ్లంతా పుండు చేశారు. కాస్త తగిలినా కేక పెట్టేవాడు. కేక వినబడితే జైలువాళ్లొచ్చి మళ్లీ కొట్టేవాళ్లు. అందుకని తగలకుండా పడుకోవడం నేర్చుకున్నా."

"తర్వాత?"

"ఒకరోజు బాగా నిద్రపట్టేసింది. తగిలాను. తెల్లారేసరికి పంతులు లేడు."

 ఛీ, ఇన్నేళ్లూ ఏమనుకుంది తను! చీర దుమ్ము కొట్టుకుపోతుందని కూడా చూసుకోకుండా ఆయన వెనకే చతికిలబడి వీపుమీద చెయ్యి వేసింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆవిడ చెయ్యి తియ్యలేదు.

"నాకే దెబ్బలూ లేవండీ. తగిలితే నేనేం అరవను. ఇటు జరగండి."

 ఆయన మెల్లగా ఆవిడవైపు తిరిగి, ఒళ్లో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు.

కాపలా అతను గుమ్మంలోకి వచ్చి గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఇక్కడ కింద కూర్చోకూడదండీ. లేవాలి."

"ఒక్క నిమిషం ఉండు నాయనా" అంది ఆవిడ, ఆయన జుట్టు సవరిస్తూ. "మా ఆయన ఇటు తిరగడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది."