పలక మీద మిగిలిన గీత

మదనపల్లె పోస్టాఫీసు ట్రంకాల్ డబ్బాలో నిలబడి సుభాన్ అరిచింది ఒకటి, కుప్పంలో గంగులయ్య చెవిన పడింది ఇంకొకటి. రెంటికీ నడుమ వంద కిలోమీటర్ల తీగ. దారిలో ఉన్న గాలీ గరగరా అంతా అందులో దూరి కూర్చుంది.

"నేను సుభాన్‌ని, మదనపల్లె క్లబ్బు మార్కర్ని. వచ్చే ఆదివారమే ఆఖరు. పూల్‌కి రావాల."

"సుభానా? ఏమైంది సుభాన్‌కి? పూలు కావాల్నా?"

"ఆఁ, రావాల రావాల. పదిమంది."

"పది మూరలా?"

"బంతులన్నీ తుడిచి పెట్టినా. మీరొస్తే సాలు."

"బంతులే గదా. తెస్తాలే అప్పా, తెస్తా." అవతలి గొంతు ఎందుకో బొంగురుపోయింది. లైను గోల అనుకున్నాడు సుభాన్. అంతలో లైనే తెగింది.

అది డెబ్బై తొమ్మిదో సంవత్సరం, మదనపల్లెను చలి ఇంకా వదలని రోజులు. బడిలో ఒక్క మార్కూ తెచ్చుకోని సుభాన్ ముప్పై ఒక్క ఏళ్ళుగా ఊరి పెద్దమనుషులకు మార్కులు వేస్తున్నాడు. దొరల కాలంలో బెంగుళూరు నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చిన పెద్ద బల్ల ఒకటి ఆ క్లబ్బులో ఉంది. దాని మీద ఆడేది స్నూకరని పుస్తకాల్లో ఉంటే ఉండొచ్చు, మదనపల్లెలో మటుకు అదంతా పూల్. బల్ల మీది పచ్చగుడ్డను దువ్వడం, ఇస్త్రీ చేయడం, బంతులు తుడవడం, ఆటగాళ్ళ తప్పులకు పలక మీద లెక్క చూడడం సుభాన్ పని.

"నా చీరకు ఏడాదికొకసారి కూడా ఇస్త్రీ లేదు, ఆ పచ్చచీర సవితికి మాత్రం రోజూ," అనేది అతని భార్య అజీజాబీ.

ఇప్పుడు ఆ సవితికే ఎసరొచ్చింది. క్లబ్బు సెక్రటరీ జయచంద్ర పేకాట మనిషి. ఆ గదిలో బల్ల ఒకటి పోతే పేకాట బల్లలు ఆరు పడతాయని కొలతలు కూడా తీసుకున్నాడు.

"రేషన్ షాపు కాడ క్యూలో నిలబడేవాళ్ళు పెరిగినారు, క్లబ్బులో క్యూ కర్ర పట్టుకునేవాళ్ళు తగ్గినారు సుభాన్," అన్నాడు. "నేనేమీ దుర్మార్గుణ్ణి కాదు. ఆదివారం సాయంత్రం ఐదుకు పుస్తకం తెరుస్తా. పదిమంది ఆటగాళ్ళు నా కండ్ల ముందర సంతకం పెడితే బల్ల ఉంటాది. తొమ్మిదైతే సోమవారం లారీ వస్తాది."

ఆడేవాళ్ళు తగ్గింది ఆట రానివాళ్ళ వల్ల కాదు, ఆట మరీ బాగా వచ్చినవాళ్ళ వల్ల. మునికృష్ణ వకీలు ఒకసారి కర్ర పట్టాడంటే ఎదుటివాడు తన కర్రను చేతికర్రలా ఆనించుకుని గోడవారన కూర్చోవాల్సిందే. కాఫీ వస్తుంది, చల్లారిపోతుంది, వాడి వంతు మాత్రం రాదు. అట్లా కూర్చుని కూర్చుని విసిగినవాళ్ళు ఒక్కొక్కరే లేచి పేకల గదిలో చేరారు.

దీనికి సుభాన్ దగ్గర మందులు లేకపోలేదు. ఆరితేరినవాణ్ణి, ఆటలో అక్షరం రానివాణ్ణి ఒక జట్టు చేసి, ఒక దెబ్బ వాడూ ఒక దెబ్బ వీడూ కొట్టేటట్టు జోడెద్దుల ఆట పెట్టేవాడు. మొనగాళ్ళను ఎడంచేత్తో ఆడించేవాడు. అన్నిటికన్నా అందరికీ ఇష్టమైంది ప్రాణాల ఆట. అందులో ఒక్కొక్కరికి ఒక్కొక్క దెబ్బ. బంతి బల్ల అంచున వేలాడే సంచిలో పడితే బతికినట్టు, పడకపోతే ఒక ప్రాణం పోయినట్టు. చివరిదాకా ప్రాణం నిలిచినవాడు గెలిచినట్టు. కిటుకంతా ప్రాణాలు పంచడంలో ఉంది. మునికృష్ణకు ఒకే ఒక్క ప్రాణం. నడిమి రకానికి మూడు. కర్ర ఏ కొన పట్టుకోవాలో అడిగేవాడికి ఐదు. దేవుడు కూడా ఇంత న్యాయంగా పంచి ఉండడు.

ఆ ప్రాణాలు పలక మీద సుద్దగీతలు. తప్పిన ప్రతిసారీ సుభాన్ తడిగుడ్డతో ఒక గీత తుడిచేస్తాడు. అక్కడ ఎవడూ తన ప్రాణాలు తాను లెక్కపెట్టుకోడు. ఆ లెక్క సుభాన్‌ది. గీత ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. కోర్టులో జడ్జీని సైతం కాదనే మునికృష్ణ వకీలు సుభాన్ పలకను ఏనాడూ కాదనలేదు. సుభాన్ కళ్ళూ అట్లాంటివే. బల్ల ఆ చివర ఆవగింజంత సుద్దపొడి పడినా ఈ చివర నుంచి చూసి వెళ్ళి తుడిచి వస్తాడు.

ఆదివారం రమ్మని అడగడానికి వెళ్ళినప్పుడు మునికృష్ణ ఒకే మాట అన్నాడు. "నీ పలక సరిగా ఉన్నన్నాళ్ళు నేనుంటా సుభాన్. ఓడిపోయినా సరే."

ఆదివారానికి ఊరివాళ్ళు ఆరుగురు తేలారు. పుంగనూరు నుంచి రామమూర్తి అయ్యవారు తన బడిలో పనిచేసే ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. తొమ్మిది. పదోవాడు గంగులయ్య. అతను ఒకప్పుడు మదనపల్లెలో పట్టుగూళ్ళ వ్యాపారం చేస్తూ పదేళ్ళు క్లబ్బులో ఆడి, పదేళ్ళూ ఓడిన మనిషి. ఐదు ప్రాణాల గంగులయ్య అంటేనే జనం గుర్తుపడతారు. తర్వాత సొంతూరు కుప్పం వెళ్ళిపోయినా సభ్యత్వం మాత్రం వదల్లేదు.

పదకొండున్నర బస్సు దిగి అతను రానే వచ్చాడు. తలమీద ఒక గంప, చేతిలో ఒక గంప. రెండింట్లో నిండా బంతిపూలు, మూరలు మూరలు కట్టినవి.

వరండాలో బ్రష్షు దులుపుతున్న సుభాన్‌ను చూసి గంగులయ్య మెట్టు మీదే నిలబడిపోయాడు. గంప ఒకవైపు ఒరిగింది.

"నువ్వు... బాగుండావా సుభానూ?"

"బాగుండాను గంగులయ్యన్నా. ఈ పూలేంది?"

"ఊరికే," అన్నాడు గంగులయ్య కండువాతో మొహం తుడుచుకుంటూ. "తోటలో పూసినాయి."

"తోటలో పూసినవన్నీ మోసుకొస్తారా ఎవరైనా?" అన్నాడు రామమూర్తి. "కొంపదీసి బల్లకు లగ్నం పెట్టినారా ఏంది?"

"బంతాటకు బంతిపూలు. అన్నకు తెలుగు బాగా వచ్చులే," అన్నాడు పేకల గది గుమ్మంలోంచి జయచంద్ర.

అందరూ నవ్వారు. గంగులయ్య నవ్వలేదు. గంపలు మూలన దించి, వాటి మీద కండువా కప్పి, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు. "నాకు మూడున్నర బస్సుంది. అది తప్పితే మళ్ళా రేపే. నా ప్రాణాలు అయిపోతానే పోతా, ఏమనుకోవద్దండి."

సంతకాలు ఐదుకు గదా అనుకున్నాడు సుభాన్. సంతకాల పుస్తకం బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి జయచంద్ర జేబులో ఉంది. జయచంద్ర పేకలు పట్టుకుని కూర్చుంటే ఐదయ్యేదాకా లేవడు. మధ్యలో ఒకసారి వెళ్ళి పుస్తకం అడిగితే, "ఐదంటే ఐదే" అని ముక్క దించాడు.

మొదట జోడెద్దుల ఆట జరిగింది. మునికృష్ణ కొట్టి చక్కగా నిలబెట్టిన బంతిని అతని జోడు గంగులయ్య కొట్టి చెదరగొట్టాడు. తర్వాత ఎడంచేతి ఆట. ఆ గదిలో అంత నవ్వు విని ఎన్నేళ్ళయిందో సుభాన్ లెక్క వేసుకోలేకపోయాడు. వచ్చినవాళ్ళు కాఫీలు మరిచిపోయారు. గోడవారన కూర్చున్నవాడు ఒక్కడూ లేడు. ఈ బల్ల ఉంటాది, ఉండి తీరుతాది అనుకున్నాడు.

రెండు దాటాక ప్రాణాల ఆట పెట్టాడు. పలక మీద పది పేర్లు, ఎవరి గీతలు వాళ్ళకు.

మూడుంబావుకు పదిమందిలో ముగ్గురు మిగిలారు. మునికృష్ణకు తన ఒక్క గీత, రామమూర్తికి ఒకటి, గంగులయ్యకు ఒకటి. గంగులయ్య వంతు. ఎర్రబంతి సంచి అంచు దాకా వెళ్ళి, లోపలికి తొంగిచూసి, వద్దనుకుని ఆగిపోయింది.

ఐదోసారి తప్పాడు. ఐదూ పోయాయి.

గంగులయ్య కర్ర గోడకు ఆనించి గడియారం కేసి చూశాడు. చేయి చాచి గంపల మీది కండువా అందుకున్నాడు.

సుభాన్ చేతిలో తడిగుడ్డ ఉంది. పలక ఎదురుగా ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ చేయి ఎన్నడూ ఆగలేదు. ఇప్పుడు ఆగింది.

"యాడికన్నా?" అన్నాడు. "ఇంకొకటి ఉండాది."

గంగులయ్య పలక చూశాడు. గీత ఉంది. "అయిపోయినాయనుకున్నానే," అని గొణిగి, పలక ముందు తన లెక్కెంత అన్నట్టు కండువా అక్కడే పడేశాడు. మిగతావాళ్ళు బంతుల కేసి తిరిగారు. మునికృష్ణ మాత్రం కర్రకొనకు సుద్ద రాస్తూ రాస్తూ ఒక్క క్షణం ఆపి, మళ్ళీ రాశాడు.

తర్వాత రామమూర్తి తప్పాడు. మునికృష్ణ తన బంతిని సంచిలో వేశాడు. గంగులయ్య గుడ్డిగా కొట్టిన దెబ్బకు ఎర్రబంతి రెండు అంచులకు తగిలి ఎక్కడో మూల సంచిలో పడింది. మళ్ళీ మునికృష్ణ కొట్టిన బంతి సంచి అంచును తాకి వెనక్కొచ్చింది, అతని ఒక్క ప్రాణమూ పోయింది, గంగులయ్య గెలిచాడు. బస్సు వెళ్ళిపోయింది. పుట్టి బుద్ధెరిగి బల్ల మీద గెలవని మనిషి బస్సు సంగతే మరిచి, ఆ ఒక్క దెబ్బ ఎట్లా కొట్టాడో ప్రతివాడికీ విడివిడిగా చెప్పాడు.

ఐదుకు జయచంద్ర పుస్తకం తెచ్చాడు. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది సంతకాలు పడ్డాయి. పెన్ను మునికృష్ణ చేతికి వచ్చింది. అతను దాని మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు.

"సుభాన్. గంగులయ్యన్న ఐదుసార్లు తప్పినాడు. ఎప్పుడూ లెక్కపెట్టనివాణ్ణి, ఈ పొద్దు ఎందుకో పెట్టినా."

గంగులయ్య చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"ఓడిపోయినానని కాదు," అన్నాడు మునికృష్ణ మెల్లగా. "కన్ను తప్పి ఉంటే సంతకం పెడతా. కావాలని చెయ్యి తప్పి ఉంటే పెట్టను."

"ఇంకేముంటాది వకీలు సారూ," జయచంద్ర అందుకున్నాడు. "యాభై ఎనిమిదేళ్ళు. కంట్లో పొర, లెక్కలో పొరపాటు." తన మాటకు తానే నవ్వి, సుభాన్ భుజం తట్టాడు. "పదో సంతకం పడితే బల్ల ఉంటాది, నా మాట మాటే. కానీ కనపడనివాణ్ణి పలక కాడ నిలబెట్టలేం గదప్పా. ఇంటికాడ సుఖంగా ఉండు. ఎవరి ప్రాణాలు వాళ్ళే తుడుచుకుంటారు."

మునికృష్ణ ఇంకా సుభాన్‌నే చూస్తున్నాడు. "ఆ గులాబీరంగు బంతి యాడుండాది, చెప్పు."

సుభాన్ బల్ల కేసి తిరిగాడు. గులాబీబంతి ఎడమచేతి నడిమి సంచి అంచున ఉంది. దాని మీద కర్రకొన తాకినచోట నీలం సుద్ద మచ్చ ఉంది. సంచి వలలో మొన్న తాను కుట్టిన దారంముడి ఉంది. పచ్చగుడ్డ మీద రేపు ఉదయం దువ్వాల్సిన చోటు కూడా కనిపించింది. అన్నీ కనిపించాయి.

"తెలీదు సార్," అన్నాడు. "అంతా పచ్చగా ఉండాది."

మునికృష్ణ చాలాసేపు చూశాడు. తర్వాత తలవంచి సంతకం పెట్టాడు. పది.

బల్ల నిలిచింది. లారీ రాదు. సుభాన్ తడిగుడ్డను నాలుగు మడతలు పెట్టి పలక మీద పెట్టాడు. ఇంటికి వెళ్ళి అజీజాబీకి ఏం చెప్పాలో తెలియలేదు. కళ్ళు పోయాయని చెబితే నమ్మదు, సూదిలో దారం ఇప్పటికీ అతనే ఎక్కించి ఇస్తాడు.

"ముప్పై ఏళ్ళు చేసిన మనిషిని ఊరికే పంపిస్తామా? పూలుండాయి గదా," అన్నాడు రామమూర్తి. ఇద్దరు ముగ్గురు గంపల మీది కండువా తీసి బంతిదండలు ఎత్తారు. దండ మెడలో పడేటప్పుడు సుభాన్ తల కాస్త ఆలస్యంగా వంచాడు. కళ్ళు కనపడనివాడు అట్లే గదా వంచాలి.

"ఒద్దప్పా, ఆ దండలు వద్దు," అన్నాడు గంగులయ్య. ఇంకో దండకు చేయి అడ్డం పెట్టాడు. "అవి మెడలో వేసేవి కాదు."

"మరి దేనికన్నా?"

"ఇంక దాచేదేముంది." గంగులయ్య బెంచీ మీద కూలబడ్డాడు. "ఫోనొచ్చింది. గరగర. సుభాన్ అన్నారు, ఆదివారమే ఆఖరన్నారు, పూలు కావాలన్నారు. ఎవరో క్లబ్బు మనిషి చెప్తాండాడనుకున్నా. నువ్వు పోయినావనుకున్నా సుభానూ. సమాధి మీద వేద్దామని తెల్లారక ముందే కోయించినా. ఈడికొచ్చి సూస్తే నువ్వు బ్రష్షు దులుపుతాండావు. బతికుండే మనిషికి ఆ మాట ఎట్ల చెప్పేది? అందుకే బస్సు బస్సని తొందరపడినా."

ఎవరో ఫక్కున నవ్వారు. నవ్వు గది చుట్టూ తిరిగి, సుభాన్ మొహం దాకా వచ్చి ఆగింది. అతను దండలోని ఒక బంతిపువ్వును వేళ్ళతో తడిమాడు.

"పది మూరలూ నాకేనా అన్నా?"

"నువ్వే గదా పది అన్నావు."

"నేనన్నది పదిమంది," అన్నాడు సుభాన్, అందరికీ వినపడేటట్టు. "పూలు కావాలని కాదన్నా. పూల్‌కి రావాలని."