మద్దిలేటి శనివారాలు

నేను ఒక కిటికీని. గోడకు పెట్టే కిటికీని కాదు, ఎద్దు డొక్కకు పెట్టేదాన్ని. మోచేయి దూరేంత రంధ్రం, చుట్టూ మందపాటి రబ్బరు అంచు, పైన ఒక బిరడా, అంతే నా ఆకారం. పశువైద్య కళాశాలలో నన్ను క్యాన్యులా అంటారు. ఏ ఫ్యాక్టరీలో అచ్చు పోశారో నాకు గుర్తులేదు. మత్తుసూది వేసిన ఒంగోలు ఎద్దు ఎడమ డొక్కలో నన్ను అమర్చిన నాడే పుట్టాననుకుంటాను.

లోపల ఎంత వెచ్చనో! నిమిషానికి ఒకటి రెండుసార్లు ఆ పొట్ట మెల్లగా పొర్లి గడ్డిని కలియబెట్టేది. దానితోపాటు నేనూ ఊగేదాన్ని. అలా పదకొండేళ్లు ఊగాను.

రిజిస్టరులో ఆ ఎద్దు పేరు నలభై ఏడు. మేపే ఓబులేసు మాత్రం తన ఇలవేల్పు పేరు పెట్టి మద్దిలేటి అని పిలిచేవాడు. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లతో నా అంచు కడిగి, ఈగలు వాలకుండా వేపనూనె రాసేవాడు. కొత్తగా చేరిన విద్యార్థులు ముక్కు మూసుకుని, దేవుణ్ణి తలచుకుని నాలోంచి చేయి పెట్టేవాళ్లు. మద్దిలేటి నెమరు కూడా ఆపేవాడు కాదు. తన కడుపులో మాట పక్కవాడికి చెప్పని మనిషికి, ఎదుటివాడి కడుపులో ఏముందో తెలుసుకోవాలని ఎంత ఆరాటమో!

పీజీ చదివే వైదేహి ఆరాటం ఇంకా ఎక్కువ. ఏ మేత ఎంత త్వరగా అరుగుతుందన్నది ఆమె పరిశోధన. చిన్న నైలాను సంచుల్లో వేరుశనగ కట్టె, అంటే కాయలు కోసిన ఎండు తీగల పొడి నింపి, దారం కట్టి, లోపలికి వదిలేది. మర్నాడు తీసి, కడిగి, ఆరబెట్టి, తూచేది. అందుకే మద్దిలేటి తినే ప్రతి పరకా తూకం ప్రకారమే ఉండాలి.

ఆరు నెలలు గడిచాయి. అన్ని రోజులూ బాగానే ఉన్నా, శనివారం వేసిన సంచుల్లోని మేత మాత్రం సరిగా అరగకుండా బయటికొచ్చేది. ఆమె త్రాసును తిట్టుకుంది. ఓవెన్ మార్పించింది. శనివారం ఉపవాసంతో కళ్లు తిరిగి తప్పు రాస్తున్నానేమోనని ఉపవాసమే మానేసింది. పాపం, పుణ్యం పోయిందే గానీ అంకె మారలేదు.

అసలు సంగతి నాకు తెలుసు. శనివారం సామి దినమని ఓబులేసు పంచె మడతలోంచి గుప్పెడు బెల్లం తీసి మద్దిలేటికి పెట్టేవాడు. కాసేపటికి ఆ తీపి నా దగ్గరికి దిగి పులిసేది. పులిసిన పొట్టలో గడ్డి అరగదు. ఈ ముక్క చెబుదామంటే నాకు మాటేదీ? ఒళ్లంతా నోరే అయినా, అది చేతులు పెట్టుకోవడానికే.

అంకెలు నమ్మేలా లేవు, మొదటినుంచి మళ్లీ చెయ్యమని గైడు షమీమ్ మేడమ్ చెప్పిన రోజు, వైదేహి షెడ్డు మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. ఓబులేసు తట్టుకోలేకపోయాడు.

"యాడ్చద్దు తల్లీ. నేనే శనివారం శనివారం బెల్లం పెడ్తాంటి. సామి దినం గదా, వానికి వట్టి గడ్డి ఏసేకి మనసొప్పల్యా."

సంగతి తెలిసి షెడ్డుకొచ్చిన మేడమ్ మండిపడింది. "ఆరు నెలల పని బూడిదలో పోసిన పన్నీరైంది కదయ్యా! రేపట్నుంచి కోళ్ల షెడ్డుకు వెళ్లు."

"వద్దు మేడమ్," అంది వైదేహి కళ్లు తుడుచుకుంటూ. "వేరేవాళ్ల చేతి మేత ఇది ముట్టదు. పెద్దాయన ఉండాలి, బెల్లమే వద్దు."

"అయిపోయినాక ఒగసారి పెట్టొచ్చునా తల్లీ?" అన్నాడు ఓబులేసు. పధ్నాలుగు నెలలకు గానీ ఆ ప్రయోగం పూర్తి కాదు. అదే నెలలో ఆయన రిటైర్మెంటు.

"చివరి సంచి తీయగానే పెట్టు," అంది ఆమె.

ఓబులేసు మాట తప్పలేదు. శనివారం వచ్చిందంటే మద్దిలేటి పంచె మడత వెతికేవాడు. "సూడప్పా, ఏమీ ల్యా," అని ఆయన ఖాళీ చేతులు చూపించేవాడు. మద్దిలేటి ఆ చేతులే నాకేవాడు. ఆ గరగర నాకు వినిపించేది. అంకెలు చక్కబడ్డాయి. నాకు మాత్రం, అది దొంగ తీపి అని తెలిసినా, కావాలనిపించేది.

ఇప్పుడు మద్దిలేటి లేడు. నన్ను కడిగి మ్యూజియంలో అద్దాల బీరువాలో పెట్టారు. ఇక్కడ చలి. ఏదీ ఊగదు. ఆ వెచ్చదనం కోసం నాకు చచ్చేంత బెంగ. అన్నిటికన్నా ఆ ఆఖరి శనివారం తలుచుకుంటే మరీ బెంగ.

వైదేహి చివరి సంచి తీసి, బిరడా పెట్టి, "ఇక పెట్టు పెద్దాయనా," అంది. డొక్కలో ఉన్నదానికి మూతి దగ్గర జరిగేది కనిపించదు. చెవులొగ్గి విన్నాను. కాగితం పొట్లం విప్పిన చప్పుడు. తర్వాత అరచేతి మీద నాలుక గరగర.

"అదేంటి, వాసన చూసి వదిలేసింది! నీ ఎడమ చెయ్యి నాకుతోంది," అంది వైదేహి.

"ఆ చేతిలో ఏమీ ల్యా నాయనా. ఈ చేతిలో ఉండాది సూడు," అన్నాడు ఓబులేసు. మళ్లీ అన్నాడు. చివరికి పొట్లం మడిచేసి, "వట్టి చేతికే అలవాటు పడిపోయినాడమ్మా," అన్నాడు.

సోమవారం నుంచి నా అంచు వేరే చెయ్యి కడిగింది. ఆ ఆఖరి శనివారం మాత్రం నేను లోపల చాలాసేపు ఎదురు చూశాను. గడ్డి వచ్చింది. నీళ్లు వచ్చాయి. బెల్లం రాలేదు.