ఎవరూ చించని క్యాలెండరు

నా ఉద్యోగం పేరు చెబితే మా గని కూలీల ఇళ్ల లైనులో ఎవరికీ అర్థం కాదు. అందుకని, కంప్యూటర్ ఆటల కంపెనీలో తప్పులు దిద్దుతానని చెబుతాను. నిజానికి చేసేది అంతే. ఒక ఆటలో చచ్చిపోయినవాడు ఇంకో ఆటలో కూర్చుని టీ తాగకుండా చూడాలి. ఎడమ చేతి మీది మచ్చ కుడి చేతికి పోకుండా చూడాలి. మా ఆటలన్నీ ఒకే లోకంలో జరుగుతాయి గనక ఆ లోకానికి ఒక పెద్ద పుస్తకం ఉంది, దానికి కాపలా నేను. ఈ ఘనకార్యం కోసం రోజూ తెల్లవారకముందే లేచి మారికుప్పం రైలెక్కి బెంగళూరు పోతాను, మళ్లీ అదే రైల్లో వేలాడుతూ మా గనుల ఊరు కోరమండల్‌కు వస్తాను. పదకొండేళ్లుగా ఇదే తంతు. నలభై ఏళ్లకే నడుము పట్టేసింది.

మా ఆట పేరు ‘లోతు’. బంగారు గనిలో ఇరుక్కున్న మనుషులు పైకి రావడం కథ. ఊరి పేరు పెట్టలేదు గానీ అది మా గనే. కథలో చివరి సీను రాసింది నేను. రాళ్లు పడి స్పృహ తప్పిన కూలీని గంట కొట్టే ప్రేమ్ అనేవాడు భుజాన మోసుకొచ్చి, మనుషుల్ని పైకి లాగే కేజ్‌లో పడుకోబెడతాడు. దెబ్బ తగిలిన మనిషి ఉన్నాడు, మెల్లగా లాగు అని ఐదుసార్లు గంట కొడతాడు. పైన ఇంజను దగ్గర డ్రైవరు కునుకు తీస్తుంటాడు. ఉలిక్కిపడి లేచి, ఎన్ని గంటలో లెక్కపెట్టకుండా కేజ్‌ను ఒక్కసారిగా లాగేస్తాడు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట ఉన్న ప్రేమ్, కేజ్ దిగే నిలువు గొయ్యి షాఫ్టులో పడిపోతాడు. ఆట ఆడినవాళ్లంతా ఆ సీనుకు ఏడ్చారు. డ్రైవరును మాత్రం తిట్టని తిట్టు లేదు.

ఆ ప్రేమ్, మా వెనక లైనులో ఉండే సెలీన్ ఆంటీ భర్త ప్రేమరాజు. ఎనభై ఏడులో నిజంగా అలాగే పోయాడు. ఆ డ్రైవరు మా నాన్న.

విచారణలో నాన్నే ఒప్పుకున్నాడు, కునుకు పట్టిందని. ఆరు నెలలు సస్పెండు చేసి, తర్వాత గాలి పంపుల షెడ్డులో పడేశారు. మళ్లీ జీవితంలో ఆయన చేతికి కేజ్ ఇంజను పిడి ఇవ్వలేదు. అప్పటికి నాకు ఎనిమిదేళ్లు. బడిలో నన్ను ‘నిద్రపోతు కూతురా’ అని పిలిచేవాళ్లు. పెద్దయ్యాక ఆ కథ రాయడం నిజాయితీ అనుకున్నాను. మా ఇంటి తప్పును మా ఇంటి మనిషే ఒప్పుకుంటే బాగుంటుందని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. రాసేముందు సెలీన్ ఆంటీని అడిగాను, ఆమె సంతోషంగా సరేనంది. నాన్నను అడిగింది ఒక్కటే. దెబ్బ తగిలిన మనిషి ఉంటే గంట ఎన్నిసార్లు కొడతారని. ఐదు అన్నాడు. అంతకు మించి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

తర్వాత ‘లోతు: పై షాఫ్టు’ అని ఫోన్లలో ఆడుకునే చిన్న ఆట వచ్చింది. దాన్ని పుణెలో వేరే జట్టు చేసింది. వాళ్లకు గంటల వివరాలు కావాలంటే, మా ఊళ్లో పాత ఇనుము అంగడిలో దొరికిన, గంటల లెక్క రాసిన రేకు బోర్డును ఫోటో తీసి పంపింది నేనే. బోర్డులో ఏముందో చదివే ఓపిక కూడా లేదు ఆ రోజు. ఇప్పుడు ‘లోతు 2’ తయారవుతోంది. మొదటి ఆటలోని మనుషులూ, ఫోను ఆటలోని మనుషులూ ఇందులో కలుస్తారు. ఇక్కడే తగులుకుంది.

ఎవరో పనీపాటా లేని మహానుభావుడు రెండు ఆటలనూ పక్కపక్కన పెట్టి వీడియో చేశాడు. రెండింట్లోనూ అదే గని, అదే పై షాఫ్టు, గోడ మీద అదే 1987 క్యాలెండరు. మొదటి ఆటలో ఐదు గంటలంటే మనిషికి దెబ్బ తగిలింది, మెల్లగా లాగమని. ఫోను ఆటలో బోర్డు ప్రకారం ఐదంటే కేజ్ ఖాళీ, వేగంగా లాగమని. దెబ్బ తగిలినవాడికి నాలుగు. ఏది నిజం అని అడిగాడు. వేలమంది అదే అడగడం మొదలుపెట్టారు.

మా టీమ్ పెద్ద అనిరుద్ధ శుక్రవారం నన్ను పిలిచాడు. “సోమవారానికి ఒక పేరా చాలు సుప్రీతా. రెండూ ఎట్లా నిజమో చెప్పండి. దాన్నిబట్టే కొత్త ఆట మొదటి సీను రాసుకుంటాం.”

శనివారం పొద్దున నాన్న తలుపు బందులకు నూనె వేస్తున్నాడు. ఇంజను పోయినా ఆ చేతులకు నూనె డబ్బా పిచ్చి పోలేదు. ఫోనులో బోర్డు ఫోటో చూపించాను. కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

“పై షాఫ్టు బోర్డు ఇది. యాడ దొరికింది?”

“పాత ఇనుము అంగట్లో. ఇందులో ఐదంటే ఖాళీ కేజ్ అని ఉంది. నువ్వు నాకు ఐదంటే దెబ్బ తగిలిన మనిషి అని చెప్పినావు కదప్పా?”

“అది లోపలి షాఫ్టుకమ్మా. అంత లోతుకు ఒకే తాడు పోదు. సగం దాకా పై షాఫ్టులో దిగి, నడిచిపోయి లోపలి షాఫ్టు కేజ్ ఎక్కల్ల. దానికి వేరే ఇంజను, వేరే బోర్డు. ఆడ ఐదు, ఈడ నాలుగు. రెండూ సరే.”

నాకు ప్రాణం లేచొచ్చింది. రెండు షాఫ్టులు, రెండు బోర్డులు. ఒక్క వాక్యంలో తేలిపోయింది. రెండు ఆటలూ పై షాఫ్టులోనే జరుగుతాయన్న సంగతి ఆ సంబరంలో నాకు గుర్తే రాలేదు. సోమవారం పని శనివారమే అయిపోయిందని ఆ పూట హాయిగా నిద్రపోయాను. నాన్న అప్పటికే నూనె వేసిన బందుకే మళ్లీ నూనె వేస్తుండటం చూశాను గానీ, పట్టించుకోలేదు.

ఆదివారం చర్చి అయ్యాక సెలీన్ ఆంటీ వచ్చింది. ఇది ఇరవై ఏళ్ల అలవాటు. ప్రేమరాజు పోయాక పన్నెండేళ్లు ఆమె మా ఇంటివైపు చూడలేదు. నాన్న ఎదురుపడితే రోడ్డుకు అవతలి పక్కకు పోయేది. ఒక క్రిస్మస్ రోజున ఉన్నట్టుండి కేకు తట్టతో మా గుమ్మంలో నిలబడింది. “అన్నా, ఇంగ మోయలేను. నిన్ను క్షమించేసినాను,” అని చెప్పి, లోపలికొచ్చి కూర్చుంది. నాన్న ఏడవడం నేను చూసింది ఆ ఒక్కరోజే. అప్పటినుంచి ప్రతి ఆదివారం వచ్చి కాఫీ తాగి పోతుంది.

“కొత్త ఆటలో మా ఆయన వస్తాడా?” అని అడిగింది.

“వస్తాడాంటీ. మొదటి సీనే ఆయనది.”

“పైన సరిగ్గా నాలుగు దినాలు కూడా పని చెయ్యలేదు. పద్నాలుగేండ్లు ఆ లోపలి షాఫ్టులో ఉడికినాడు. దగ్గొస్తా ఉండాదని మీ నాయనే మేస్త్రీని అడిగి పైకి తెప్పించినాడు. ఇంగ వెలుతురుకు దగ్గరగా ఉంటాడులే అని నేను సంబరపడినాను.”

నాన్న లేచి, ఆమె ఇంకా తాగుతుండగానే తన గ్లాసు తీసుకుని వంటింట్లోకి పోయాడు. నా చేతిలో కాఫీ అలాగే ఉండిపోయింది. లోపలి షాఫ్టులో పద్నాలుగేళ్లు ఐదు కొట్టిన చేయి. పై షాఫ్టుకు వచ్చిన నాలుగో రోజు, స్పృహలేని మనిషిని భుజాన మోసుకొచ్చిన ఆ కంగారులో ఎన్ని కొట్టి ఉంటుంది?

ఆమె వెళ్లగానే నేను లాప్‌టాప్ తెరిచాను. నాకు కోపంగానూ ఉంది, సంతోషంగానూ ఉంది. బడిలో పడిన మాటలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ప్రేమ్ పాత అలవాటుతో ఐదు కొట్టాడు, పై షాఫ్టులో ఐదంటే ఖాళీ కేజ్, డ్రైవరు మేలుకునే ఉన్నాడు, బోర్డు చెప్పినట్టే లాగాడు. ఇలా రాసి అనిరుద్ధకు పంపాను. ఆదివారమైనా పది నిమిషాల్లో జవాబు వచ్చింది. ‘అద్భుతం. ఇన్నేళ్లు అందరూ తిట్టిన డ్రైవరుది తప్పే కాదు. ఇదే మన మొదటి సీను.’

నాన్న పెరట్లో రాతి మీద కూర్చుని ఉన్నాడు. ఫోను ఆయన ముందు పెట్టాను.

“నీకు కునుకు పట్టలేదు కదప్పా?”

ఆయన ఫోను వైపు చూడలేదు. “ఐదు కొట్టినాడు. నా చెవుల్లో ఇప్పటికీ ఐదే ఉండాయి. నువ్వు ఆట కోసం అడిగితే నోట్లో అదే వచ్చేసింది.”

“మరి కునుకని ఎందుకు చెప్పినావు?”

“తప్పు చచ్చినోడిదని తేలితే సెలీన్ వాళ్లను కంపెనీ ఇల్లు ఖాళీ చెయ్యమనేవాళ్లు. ఆయమ్మ కొడుకు నెల్సన్ అప్పటికి ఇంగా బడి పిల్లోడు. పెద్దయితే తండ్రి పని కొడుక్కి రావల్ల కదా. నాకైతే ఉద్యోగం పూర్తిగా పోదులే అనుకున్నాను.” కాళ్ల దగ్గరి ఎండుటాకు తీసి పక్కన పడేశాడు. “అదీగాక, కొత్తగా వచ్చినోడికి బోర్డు చదివి వినిపించేది డ్రైవరు పని. నేను వినిపించలేదు. స్నేహితుడు కదా, వానికి తెలీదా అనుకున్నాను. కునుకు అని చెప్పిన దాంట్లో అంత అబద్ధమేముండాది?”

“గనులు మూసి పద్దెనిమిదేళ్లయింది. ఇప్పుడు పోయే పనీ లేదు, ఖాళీ చెయ్యమనేవాళ్లూ లేరు. ఊరంతా నిన్ను నిద్రపోతు అనింది. నేను కూడా అదే రాసినాను. ఇప్పుడన్నా దిద్దనీ.”

నా గొంతు పెరిగింది. ఆయన గొంతు పెరగలేదు. అలసిపోయిన మనిషి ఇంకో మెట్టు ఎక్కమంటే చూసినట్టు చూశాడు.

“ఆయమ్మకు నన్ను క్షమించేదానికి పన్నెండేండ్లు పట్టింది సుప్రీతా. అంత కష్టపడి క్షమించినాక, తప్పు నాది కాదు, నీ మొగునిదే అని చెబితే, ఆ క్షమించిందాన్ని యాడ పెట్టుకుంటాది?”

నాకు ఆయన మీద కోపం వచ్చింది, ఆమె మీద కూడా వచ్చింది, ముప్పై రెండేళ్లు ఏమీ అడగని నా మీద ఎక్కువ వచ్చింది. ఆయన లోపలికి పోయి కంచాలు పెట్టాడు. ఇద్దరం అన్నం తిన్నాం.

సోమవారం రైల్లో కిటికీ పక్కన అరగజం చోటు దొరికింది. ఎదుటి సీట్లో నలుగురు పేకాట ఆడుతున్నారు, మిగతావాళ్లు ఒకరి భుజం మీద ఒకరు వాలి నిద్రపోతున్నారు. నేను ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని రెండు ఆటలనూ కలిపే వేరే దారి వెతికాను. ప్రేమ్ ఐదు కొట్టడం లక్షలమంది విన్నారు, దాన్ని మార్చలేను. ఆ రోజుకు ఆ ఐదు సరైనదే కావాలి. అందుకని ఇలా రాశాను. ఆ ప్రమాదం జరిగేనాటికి గనంతటికీ ఒకే బోర్డు. దెబ్బ తగిలిన మనిషికి ఐదు. ప్రమాదం తర్వాత కంపెనీ పై షాఫ్టు బోర్డు మార్చింది. ఫోను ఆట జరిగేది రెండేళ్ల తర్వాత. గోడ మీద 1987 క్యాలెండరు ఉందంటే, ఆ తర్వాత దాన్ని ఎవరూ చించలేదు, ఎవరూ మార్చలేదు.

అనిరుద్ధ చదివి మొహం ముడుచుకున్నాడు. “నిన్న పంపింది ఎంత బాగుంది! ఇదేంటి, ఇంత చప్పగా?”

“నిన్నటిది తప్పు. సరిచూసుకున్నాను.”

“రెండేళ్లు క్యాలెండరు మార్చరా ఎవరైనా?”

“మా ఊళ్లో వచ్చి చూడండి. మూసినరోజు తేదీ ఇప్పటికీ గోడల మీద ఉంది.”

అతను పెన్ను బల్లమీద కొట్టుకుంటూ ఆలోచించాడు. “అయితే డ్రైవరు నిజంగానే నిద్రపోయాడన్నమాట.”

పదకొండేళ్ల ఉద్యోగంలో ఒక్క మాట చెప్పడానికి నాకు అంతసేపు ఎప్పుడూ పట్టలేదు. “అవును,” అన్నాను. “నిద్రపోయాడు.” అతను సరేనని పుస్తకంలోకి ఎక్కించమన్నాడు. ఇంక ఆ లోకంలో ఎన్ని ఆటలు వచ్చినా అదే నిజం.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాన్న అరుగు మీద ఉన్నాడు. ఏం రాశావని అడగలేదు. నేనే చెప్పాను, కునుకు పట్టిందనే రాశానని. తల ఊపి, “కాళ్లు కడుక్కో పో,” అన్నాడు.

తర్వాతి ఆదివారం సెలీన్ ఆంటీ ఎప్పటిలాగే వచ్చింది. కాఫీ సగం తాగి నావైపు తిరిగింది.

“సుప్రీతా, ఒక మాట. ఆ ఆట ఆడేవాళ్లు డ్రైవరును నోటికొచ్చినట్లు తిడతా ఉండారంట, నెల్సన్ చదివి చెప్పినాడు. కొత్త దాంట్లో ఆ మనిషిని మరీ చెడ్డోనిగా చూపించొద్దమ్మా. నేనే క్షమించినాను, నడుమ వాళ్లదేమి? రెండు షిఫ్టులు వరసగా చేసింటాడు. అలిసిపోయిన మనిషికి కునుకు పడతాది.”

నాన్న తల వంచుకుని గ్లాసులోకి చూస్తున్నాడు. ఆమె చేయి చాపి ఆయన మోకాలి మీద రెండుసార్లు తట్టింది, అన్నలకు చెల్లెళ్లు తట్టినట్టు. నాకు అక్కడ కూర్చోవడం చేతకాలేదు. లోపలికి పోయి లాప్‌టాప్ తెరిచి, డ్రైవరు పేజీలో ఆమె చెప్పిన మాట చేర్చాను. ఆ రోజు అతనిది వరసగా రెండో షిఫ్టు. ఆ పేజీలో నిజమన్నది అసలు లేదు, అయినా మా పుస్తకమంతట్లో నేను ఎవరినీ మార్చనివ్వని పేజీ అదొక్కటే. బయట ఆమె ఇంకో కాఫీ అడుగుతోంది. లేచి పాలు పొయ్యి మీద పెట్టాను.