నాలో పడని గుక్క

నేను ఒక ఇత్తడి తమ్మపడిగను. ఆ మాట మరిచిపోయినవాళ్లు ఉమ్మితొట్టి అనుకోండి, నొచ్చుకోను. పెంబర్తిలో ఒక పనివాడు నా అంచు మీద లతలు చెక్కాడు. ఎందుకో తెలియదు, ఉమ్మేవాడు లతలు చూడడు. మొదట ఒక దేశ్‌ముఖ్ పక్కన ఉన్నాను. ఆయన తాంబూలం నములుతూ తీర్పులు చెప్పేవాడు. ఉమ్ముకీ తీర్పుకీ పెద్ద తేడా ఉండేది కాదు. ఆయన మనవలు నన్ను పాతసామాన్ల దుకాణానికి అమ్మేస్తే, జూబ్లీహిల్స్‌లోని ఒక హోటల్‌వాళ్లు కొనుక్కుపోయి వైన్ రుచి చూసి, మత్తెక్కకుండా మింగక ఉమ్మేసేవాళ్ల బల్ల మీద పెట్టారు.

ఆ బల్లకు పెద్ద నీలాద్రిరావు. ఎవరూ ఎరగని ద్రాక్షల ఎర్ర వైన్లంటే ఆయనకు ప్రాణం. అంటే, పక్కవాడు ఎరగని పేరు తాను పలకడం ప్రాణం. 'మెన్సియా' అనేవాడు, 'తన్నా' అనేవాడు, పుక్కిలించి కళ్లు మూసి "తడిసిన తోలు వాసన" అని నాలో ఉమ్మేవాడు. చుట్టూ ఉన్న పదిమందీ తలలాడించి తామూ ఉమ్మేవారు. తోలు వాసన నిజంగా ఎరిగినవాడు వాళ్లలో ఒక్కడూ లేడు.

ఒక ఫాల్గుణ మాసపు సాయంత్రం బాలమణి వచ్చింది. మేడ్చల్ దగ్గర రెండెకరాల్లో జార్జియా దేశపు సపెరావి ద్రాక్ష పెంచి, లైసెన్సు తీసుకుని వైన్ చేస్తోంది. ఈ ఏడాదీ ఎవరూ మెచ్చకపోతే తోట పీకేసి ప్లాట్లు చేద్దామని మరిది పట్టుబట్టాడు. హోటల్ మేనేజరు ఆమె సీసాను మరో అయిదు విదేశీ సీసాలతో కలిపి, పేర్లు కనబడకుండా అన్నింటికీ గుడ్డలు చుట్టాడు.

అయిదు గుక్కలు నాలో పడ్డాయి. ఆరోది పడలేదు. నీలాద్రిరావు మింగాడు. మళ్లీ పోయించుకుని మళ్లీ మింగాడు.

"సపెరావి! అసలు సిసలు జార్జియా సరుకు. ఇక్కడి మట్టికి ఇది పుడుతుందా?" అన్నాడు.

మేనేజరు గుడ్డ విప్పాడు. చేత్తో రాసిన తెలుగు చీటీ. మేడ్చల్.

నీలాద్రిరావు మొహం మాడిపోయింది. గబగబా ఇంకో గుక్క నోట్లో పోసుకుని, అందరికీ వినబడేలా నాలో ఉమ్మాడు. "ఏదో తేడాగా ఉందనుకుంటూనే ఉన్నాను. రంగు కలిపారు. ఇంత ఎరుపు ఎలా వస్తుందమ్మా?"

చుట్టూ ఉన్న తలలు ఎప్పటిలాగే ఊగాయి.

బాలమణి సంచిలోంచి ఒక గుత్తి తీసింది. "చానా నల్లద్రాక్షలకు లోపట కండ తెల్లగుంటది సార్. దీనికి కండ సుత ఎర్రగనే ఉంటది." ఒక పండు ఆయన ముందున్న తెల్ల రుమాలు మీద పిసికింది. రసం నెత్తురులా పాకింది. "పేరు మీకెరుకే. పండును ఎన్నడన్న జూసిండ్రా?"

ఆయన రుమాలును మరక లోపలికి పోయేలా మడిచాడు.

"ఉమ్మెతందుకు జెయ్యలే సార్ నేను," అని ఆమె సీసాకు బిరడా పెట్టి సంచిలో వేసుకుంది. మేనేజరు మెట్లదాకా పరిగెత్తి నలభై సీసాలు కావాలన్నాడు. ఆ ఏడాది తోట పీకలేదని తర్వాత హోటల్‌వాళ్లు చెప్పుకోగా విన్నాను.

నీలాద్రిరావు మళ్లీ రాలేదు. పెద్ద లేకపోతే ఎప్పుడు తలాడించాలో తెలియక మిగిలినవాళ్లూ మానేశారు. నన్ను తోమి, హోటల్ ముందు గదిలో అద్దాల పెట్టెలో పెట్టారు. పక్కన కార్డు: 'రాణివాసపు పన్నీటి పాత్ర'. వచ్చినవాళ్లు చదివి, అద్దానికి ముక్కు ఆనించి, గులాబీల వాసన వస్తోందంటున్నారు.