నల్ల గ్రీజు

రోజెల్ టేటమ్ దగ్గర, పాటలు కలిపే కొత్త మిక్సర్ల మాట ఎత్తడమంటే కోరి తేనెతుట్టెను కదపడమే. చికాగో దక్షిణ పేటల్లో క్లబ్బుల్లో అతను వేసే రికార్డులకు చెమటలు కక్కేలా ఆడినవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. ఇవీ మిక్సర్లేనా, సబ్బుపెట్టెలు, ఊదితే ఎగిరిపోతాయి అని మొదలుపెట్టాడంటే, ఎదుటివాడి ప్లేటులో మాంసం చల్లారేదాకా వదిలేవాడు కాదు. ఆ రోజుల్లో ఇనుపరేకు ఎంత మందం ఉండేదో, లోపలి తీగల్ని ఎంత ఓపికగా అతికేవాళ్ళో, ఒక్క స్క్రూ అయినా వదులయ్యేది కాదనీ చెప్పిందే చెప్పేవాడు. ముసలాడికి ఇనుము మీద మోజు ముదిరిందని జనం నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీ అని రోజెల్ ఊరుకునేవాడు. అలా నవ్వుకున్నంతసేపూ అసలు సంగతి ఎవరూ అడగరు కదా.

అతని ఇంటి కింది గదిలో ఉన్న మిక్సర్, ఏనాడో మూతబడ్డ ఒక క్లబ్బుది. తలుపులు మూసిన రోజున, నీ చేతి కింద అరిగిందే కదా, నువ్వే పట్టుకుపో అని యజమాని ఇచ్చేశాడు. ఇద్దరు మనుషులు పట్టుకుంటే తప్ప లేవదు. ఒక పాటలోకి ఇంకో పాటను దించడానికి ఇప్పటివాటికి ఉన్నట్టు జారే మీటలు దానికి లేవు. అన్నీ గుండ్రటి నాబులే. తయారుచేసినవాళ్ళు వాటి లోపల చిక్కటి గ్రీజు పూశారు. తిప్పితే నాబు ముందు మొండికేసేది, ఆ తర్వాత ముదురుపాకంలో గరిటెలా నిదానంగా కదిలేది.

ఆ మొండితనమే ఇప్పుడు రోజెల్ పరువు కాపాడుతోంది. రెండేళ్ళ కిందట అతని కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. డాక్టరు చెప్పిన జబ్బు పేరు అతనికీ, భార్య వెర్లీన్‌కీ తప్ప మూడో మనిషికి తెలియదు. జారే మీట మీద చెయ్యి వేస్తే ఆ వణుకంతా పాటలోకి దిగుతుంది. కిందటేడు వెర్లీన్ తమ్ముడు క్లియోఫస్ కూతురి పెళ్ళిలో అదే జరిగింది. హాలువాళ్ళ మిక్సర్ మీద వాయించాడు. తండ్రీకూతుళ్ళు కలిసి ఆడే పాట కాస్తా ఎగిరెగిరి పడి, మధ్యలో చచ్చిపోయింది. తప్పతాగి వచ్చాడన్నారు. రోజెల్ కాదనలేదు. తాగుబోతునని తిట్టించుకోవడం నయం, పాపం అనిపించుకోవడం నావల్ల కాదు అన్నాడు వెర్లీన్‌తో.

పాత మిక్సర్ మీద మాత్రం ఆ బరువైన నాబు చేతిని పట్టి ఆపేది. వణుకు ఆ గ్రీజులోనే ఇంకిపోయేది. చలికాలమంతా కింది గదిలో కూర్చుని, సూదిని రికార్డు మీద ఎడమచేత్తో దించడం నేర్చుకున్నాడు. ఇంకొన్నాళ్ళు లాగొచ్చు అని ధైర్యం తెచ్చుకున్నాడు.

ఏటా ఎండాకాలంలో ఒక ఆదివారం, ఆ పాత క్లబ్బుల జనమంతా సరస్సు ఒడ్డున పార్కులో చేరతారు. అక్కడి పెత్తనమంతా మార్వెల్లా గెయిన్స్‌ది. మనసు వెన్నే గానీ ఆవిడ నోటికి మాత్రం అడ్డూ ఆపూ లేదు. ఈసారి ఆఖరి గంట నీకే ఇస్తున్నా, తిన్నగా వాయించు, లేదంటే వచ్చే ఏడు కుర్చీ తెచ్చుకుని తినడానికి మాత్రం రా అని మొహం మీదే చెప్పింది. రోజెల్ ఒకే ఒక్క షరతు పెట్టాడు. నా మిక్సర్ మీదే వాయిస్తాను. మళ్ళీ ఆ ఇనుపగోలేనా అని మార్వెల్లా నెత్తి కొట్టుకుని ఒప్పుకుంది.

వారం రోజులు అన్నం దగ్గర కూర్చుంటే చాలు, మూడో నాబు కరకరలాడుతోందని సణిగాడు. అది పెద్ద లెక్కలోది కాదు, కాస్త దుమ్ము. భయం ఒకటైతే నోటికి వచ్చింది ఇంకొకటి. వెర్లీన్ విసిగిపోయింది.

"కనీసం క్లియోకైనా నీ చెయ్యి సంగతి చెప్పు. వాడు నా తమ్ముడు, చెప్తే నీ సొమ్మేం పోతుంది?"

రోజెల్ ప్లేటు పక్కకు నెట్టి లేచిపోయాడు.

శనివారం క్లియోఫస్ వ్యాను తెచ్చాడు. సిటీ బస్సు నడిపి నడిపి రిటైరైన మనిషి, పలుగులాంటి చేతులు, మెత్తటి మాట. కూతురి పెళ్ళి అలా అయినా బావను పల్లెత్తు మాట అనలేదు. మిక్సర్‌ను ఇద్దరూ మోసి వ్యానులోకి ఎక్కించారు. అప్పుడూ రోజెల్ ఆ మూడో నాబు కరకర గురించే సణిగాడు. పార్కుకు నేనే చేరుస్తాను బావా, నువ్వు రికార్డులు తెచ్చుకో చాలు అని పట్టుకుపోయాడు.

ఆదివారం రోజెల్ వెళ్ళేసరికి పార్కంతా బొగ్గుల మీద మాంసపు పక్కటెముకలు కాలుతున్న పొగ. మిక్సర్ అప్పటికే బల్లమీద ఉంది, తుడిచి తళతళలాడుతోంది. క్లియోఫస్ దాని పక్కనే, పరీక్ష పాసైనవాడిలా నిలబడి ఉన్నాడు.

"మూడో నాబు తిప్పు బావా."

రోజెల్ తిప్పాడు. కరకర లేదు. బరువూ లేదు. వేలు తగిలితే చాలు, గిర్రున తిరిగిపోయింది. రెండోది తిప్పాడు. మొదటిది తిప్పాడు. అన్నీ అంతే.

"ఏం చేశావురా దీన్ని?"

"విప్పి, స్ప్రే కొట్టి, ఒక్కోటీ కడిగేశాను. యాభైయేళ్ళ మురికి బావా లోపల, తారులాగా. ఉన్న పాతగుడ్డలన్నీ నల్లబడిపోయాయి. ఇప్పుడు చూడు, చిటికెనవేలుకి తిరుగుతాయి."

రోజెల్ నాబు మీంచి చెయ్యి తీసేశాడు. వారమంతా తను సణిగిన సణుగుడే ఇలా వచ్చి కూర్చుంది. తప్పు తనదే అని తెలుస్తూనే ఉంది, అయినా కోపం వెతుక్కుంటూ పోయి క్లియోఫస్ మీదే పడింది.

"అది మురికి కాదు, గ్రీజు. కావాలని పూసింది. నీ బస్సుకున్న బ్రేకుల్ని కూడా జిడ్డని కడిగి పారేసేవాడివేమో."

క్లియోఫస్ మొహం వాడిపోయింది. వ్యానులో గ్రీజు డబ్బా ఉంది, మళ్ళీ పూద్దాం అన్నాడు. ఆ గ్రీజు వేరు, ఈ గ్రీజు వేరు, అంతా విప్పి బిగించేసరికి రేపవుతుంది, తెలియని పనిలో వేలు పెట్టడం నీకు పుట్టుకతో వచ్చింది అని రోజెల్ ఇంకా నాలుగు అంటించాడు. పక్క కుర్చీల్లోవాళ్ళు తినడం ఆపి చూస్తున్నారు. మంచికి పోతే చెడు ఎదురైనట్టు అయింది ఆ మెత్తటి మనిషికి. ఏడాదిగా దిగమింగుకున్నది బయటకు వచ్చేసింది.

"నా కూతురి పెళ్ళి పాడుచేశావు. ఒక్క మాటన్నానా నిన్ను? ఇవాళైనా నలుగురూ నిన్ను మెచ్చుకోవాలనే కదా నేను దీంతో కుస్తీ పట్టింది."

వెర్లీన్ భర్త వైపే చూస్తోంది. ఇప్పుడైనా చెప్పు అని ఆమె కళ్ళు అంటున్నాయి. రోజెల్ నోరు తెరిచాడు కూడా. ఇంతలో మార్వెల్లా మైకులో అతని పేరు పిలిచింది, జనం కుర్చీలు వెనక్కి జరిపి లేచారు. కక్కలేక మింగలేక వెళ్ళి బల్ల వెనక నిలబడ్డాడు.

మొదటి పాటకు ఇబ్బంది లేదు, అందులో తిప్పాల్సిందేమీ లేదు. నెరిసిన తలలన్నీ ఊగడం మొదలుపెట్టాయి. చర్చికి పెట్టుకెళ్ళిన టోపీ తియ్యకుండానే ఒకావిడ నడుం తిప్పుతోంది. రోజెల్ ఎడమచేత్తో రెండో రికార్డు మీద సూది దించాడు. ఇక కుడిచెయ్యి నాబు మీద వేయక తప్పదు.

వేశాడు. రెండో పాట ఒక్కసారి భళ్ళున లేచి, పడి, మళ్ళీ లేచింది. ఆడుతున్నవాళ్ళు అడుగు తప్పి ఆగిపోయారు. గట్టిగా పట్టుకుందామని వేళ్ళు బిగిస్తే వణుకు ఇంకా ఎక్కువైంది. ఎవరైనా ఆ సీసా లాక్కోండి అని వెనకనుంచి ఒకడు అరిచాడు. జనం గొల్లున నవ్వారు. మార్వెల్లా మైకు పట్టుకుని బల్ల వైపే వస్తోంది.

మొదటి పాట చివరికొచ్చేస్తోంది. చెయ్యి తీసేసి, అవును తాగాను అంటే అయిపోతుంది. ఆ నింద మోయడం అతనికి బాగా అలవాటైపోయింది. స్పీకరు పక్కన క్లియోఫస్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. కోపంగా లేడు, తల దించుకుని ఉన్నాడు. ఆ నవ్వులకు రోజెల్ కంటే అతనే ఎక్కువ సిగ్గుపడుతున్నాడు. అది రోజెల్ చూడలేకపోయాడు.

"క్లియో, ఇటు రా. నీ చెయ్యి నా చేతిమీద వెయ్యి."

క్లియోఫస్ వచ్చాడు. ఏమీ అర్థం కాకుండానే వేశాడు.

"నొక్కు. ఇంకా. నీ బరువంతా వెయ్యి."

ఆ పెద్ద అరచెయ్యి కింద రోజెల్ చెయ్యి కొట్టుకుంటూనే ఉంది, పాట మాత్రం నిలదొక్కుకుంది. క్లియోఫస్ ఆ చేతిని చూశాడు, తర్వాత బావ మొహంలోకి చూశాడు. మార్వెల్లా నడుస్తున్నదల్లా ఆగిపోయి మైకు దించేసింది. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఇక ఈ పార్కులో తెలియనివాళ్ళు ఉండరని రోజెల్‌కి అర్థమైంది.

"ఎప్పట్నించి?" అన్నాడు క్లియోఫస్, చెవి దగ్గర.

"పెళ్ళికి ముందునుంచే."

"అయితే ఆ రోజు నువ్వు..."

"చుక్క ముట్టలేదురా."

క్లియోఫస్ చెయ్యి ఒక్క క్షణం సడలింది. పాట మళ్ళీ తడబడింది.

"వదలకు," అన్నాడు రోజెల్. "ఏడుపులు తర్వాత. ముందు కుడివైపుకి తిప్పు, మెల్లగా. పాట అయిపోతోంది."